మంచం బండి

సెల్మర్ ఎవరో, ఎందుకొచ్చాడో తెలియకముందే అతని కారు సంగతి లోయ మొత్తానికీ తెలిసిపోయింది. దానికి కారణం పెట్రా. చర్చిలో పువ్వులు మార్చే పని ఆవిడది. మే నెలాఖర్లో ఒక పొద్దున వెళ్ళేసరికి సమాధుల గోడ పక్కన బోర్లించిన స్నానాల తొట్టిలా ఆకుపచ్చ నాష్ కారొకటి ఆగి ఉంది. కిటికీలకు దోమతెరలు. వెనక బంపరు మీద ఒక జత మేజోళ్ళు ఆరేసి ఉన్నాయి. పెట్రా తెరకు ముక్కు ఆనించి లోపలికి తొంగిచూసింది. ముందు సీటు వెనక్కి వాలి, వెనక సీటుతో కలిసిపోయి, పైన పరుపు. ఆ పరుపు మీద ఒక మగమనిషి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

మధ్యాహ్నం కాఫీల వేళకల్లా దానికి మంచం బండి అని పేరు పడిపోయింది.

ఆ మనిషి వచ్చింది చర్చి ఆర్గన్ బాగుచేయడానికి. చలికాలంలో ఎలుకలు దూరి దాని గొట్టాల్లోకి గాలి ఊదే తిత్తులు కొరికేశాయి. పాస్టర్ గారు మాడిసన్ నుంచి పిలిపించారు. ఎవరింట్లోనైనా పడక ఏర్పాటు చేస్తామంటే, "వద్దండీ, బండిలోనే పడుకుంటాను, అలవాటే" అన్నాడట. విస్కాన్సిన్ రాష్ట్రమంతా తిరుగుతూ చర్చిల్లో ఆర్గన్లు, ఇళ్ళల్లో పియానోలు శ్రుతి చేసుకుని బతికేవాడు. నలభై దాటాయి. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి, ఎవరైనా మాట్లాడితే ఎడమ చెవి అటు తిప్పి వినేవాడు.

ఆ ఆర్గన్ వాయించేది రాగ్నా బ్రాట్లీ. ముప్ఫై ఆరేళ్ళది. తల్లి గూరో మంచాన పడ్డ దగ్గర్నుంచీ ఇంటిపనీ పాడిపనీ ఆమె మీదే పడ్డాయి. మొదట్లో ఒకరిద్దరు పెళ్ళి మాట ఎత్తారు. తర్వాత వాళ్ళూ మానేశారు, ఆమె కూడా ఆ ఆలోచన మానుకుంది. ఆదివారం పూట ఆర్గన్ ముందు కూర్చున్న ఆ కాసేపే ఆమె సొంతం.

శ్రుతి చేసేటప్పుడు ఒకరు బయట కూర్చుని మీటలు నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు లోపల గొట్టాల మధ్య దూరి సరిచేయాలి. మీటల దగ్గర రాగ్నా కూర్చుంది. కాబట్టి వాళ్ళిద్దరి పరిచయం మొహాలు చూసుకోకుండా, చెక్క తలుపుకు చెరోవైపు నుంచి మొదలైంది.

"నొక్కండి," అనేవాడు లోపలినుంచి. "ఇంకాస్త. ఊఁ, ఇప్పుడు పక్కది."

"ఇది ఏడుస్తున్నట్టుందేంటండీ?"

"దానికి దుమ్ము పడదు. నాకూ పడదు," అని తుమ్మేవాడు. ఆ తుమ్ము గొట్టాలన్నిట్లోనూ తిరిగి మోగేది. రాగ్నా నవ్వు ఆపుకోలేకపోయేది. ఆ చర్చిలో ఆమె పైకి నవ్వడం పాస్టర్ గారు అంతకుముందెప్పుడూ వినలేదు.

పెట్రా మాటలు హాల్వర్ చెవిన పడ్డాయి. హాల్వర్ రాగ్నా తండ్రి. పొగాకూ పాడీ నమ్ముకున్న రైతు, మాట పెళుసు మనిషి. పాల డబ్బాలు దింపేసి వస్తూ తన ట్రక్కు సరాసరి చర్చి ముందు ఆపాడు. సెల్మర్ మెట్ల మీద కూర్చుని చల్లారిన ఆపిల్ కేకు తింటున్నాడు. రాగ్నా గుమ్మంలో ఉంది.

"నువ్వేనా ఆ మంచం బండివాడివి?"

సెల్మర్ లేచి నిలబడ్డాడు. "అవునండీ. నా పేరు సెల్మర్."

"పేరు నాకెందుకు? ఆర్గన్ బాగుచేస్తే సంతోషం. మా అమ్మాయిని మాత్రం ఆ బండి ఎక్కించావంటే బాగోదు."

"నాన్నా!" అంది రాగ్నా.

"నువ్వూరుకో. సీటు మంచమయ్యే కారు బుద్ధున్నవాడెవడైనా కొంటాడా?"

"ఊరూరా తిరిగేవాణ్ణండీ. పడుకోడానికి వీలుగా ఉంటుందని..."

"నేనంటున్నదీ అదే," అనేసి హాల్వర్ ట్రక్కెక్కాడు.

ఆ సాయంత్రం రాగ్నా నడుచుకుంటూ ఇంటికి బయల్దేరింది. కాసేపటికి వెనక నాష్ వచ్చింది. పక్కకు వచ్చి, దాటిపోకుండా, ఆమె నడకకు సమంగా మెల్లగా దొర్లసాగింది. సెల్మర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఎక్కమని అడగట్లేదండీ. నేనూ అటే పోతున్నాను."

"అటు మీకు పనేం లేదు కదా?"

"లేదు. ఊరికే పోతున్నాను."

రాగ్నా తల వంచుకుని నవ్వుకుంది. "ఇంత మెల్లగా పోతే బండికేం కాదా?"

"కోప్పడుతోంది. పర్లేదు."

అలా మొదలైంది. ఆర్గన్ బాగుపడిపోయాక కూడా రెండు వారాలకొకసారి ఏదో ఒక వంక పెట్టుకుని వచ్చేవాడు. ఒకసారి గొట్టం ఒకటి సరిగ్గా పలకడం లేదని కల వచ్చిందన్నాడు. పాస్టర్ గారు నవ్వి తాళంచెవి ఇచ్చేశారు. సాయంత్రం అయ్యేసరికి రోడ్డు మీద అదే దృశ్యం. ఆమె నడుస్తూ ఉండేది, కారు పక్కనే పాకుతూ ఉండేది. వెనకనుంచి వచ్చే ట్రాక్టర్లు హారన్ కొట్టి దాటిపోయేవి. పొలాల్లో పొగాకు కలుపు తీసేవాళ్ళు నడుములెత్తి మరీ చూసేవాళ్ళు.

కారు ఎక్కకుండానే రాగ్నాకు దాని సంగతులన్నీ తెలిసిపోయాయి. చలికాలంలో బయటి గాలిని లోపలికి తీసుకుని వేడిచేసి వదిలే ఏర్పాటుంది. దోమతెరలూ పరుపులూ కంపెనీవాళ్ళే అడిగినవాళ్ళకు అదనంగా ఇస్తారు. సీటును ఒక్కసారిగా కాకుండా అంచెలంచెలుగా వాల్చుకోవచ్చు.

"నడుముకు కట్టుకునే పట్టీలు కూడా ఉన్నాయండీ, ఇంకే కార్లోనూ ఉండవు," అన్నాడు ఒకరోజు, సిగ్గుపడుతూ. "పడుకున్నవాళ్ళు బండి ఊగినప్పుడు దొర్లిపోకుండా. కొన్నవాళ్ళు చాలామంది కోయించి పారేస్తున్నారు. నేను ఉంచుకున్నాను."

"ఎందుకూ?"

"ఎవడో కూర్చుని ఆలోచించి పెట్టాడు కదా పాపం. ఎప్పుడో ఎవరికో పనికొస్తుందని."

ఆ మాట రాగ్నా మనసులో ఉండిపోయింది.

గూరో మంచం ముందు గదిలో రోడ్డు కనిపించేలా కిటికీ దగ్గర వేసి ఉండేది. ఆరేళ్ళ కిందట పొగాకు ఆరేసే కొట్టంలో పైదూలం మీద నిలబడి ఆకు గుచ్చిన కర్రలు అందుకుంటూ జారి పడింది. నడుం పోయింది. కూర్చోబెడితే నాలుగు ముద్దలు తినేలోపే నొప్పికి మొహం తెల్లబడిపోయేది. ఆస్పత్రి నుంచి తెచ్చినప్పుడు తలుపు చెక్క మీద పడుకోబెట్టి ట్రక్కులో తెచ్చారు. ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడ కళ్ళు మూసుకుంటుంది. తర్వాత మళ్ళీ గడప దాటలేదు. మంచం కదిలితే ఆవిడకు నొప్పి పుడుతుందని హాల్వర్ వంటింట్లో మడత మంచం మీద పడుకోవడం మొదలుపెట్టాడు.

మాటకు మాత్రం ఏ లోటూ రాలేదు. జులైలో ఒక సాయంత్రం రాగ్నా ఇంట్లో అడుగుపెట్టగానే అడిగింది.

"ఏమే, ఆ బండి నడుస్తోందా, నిద్రపోతోందా? మన ముసలి ఆవు కూడా దానికంటే గబగబా నడుస్తుంది."

"నాతో మాట్లాడుతూ వస్తాడమ్మా."

"అది కనిపిస్తూనే ఉంది. మాట్లాడేటప్పుడు నీ చేతులు ఎలా తిప్పుతావో నువ్వెప్పుడైనా చూసుకున్నావా? చిన్నప్పుడు అలా తిప్పేదానివి." ఆవిడ చూపు రోడ్డు మీదికి పోయింది. "అందులో నిజంగా మంచం ఉందా?"

"మంచం కాదు. సీటే వాలుతుంది. పరుపు వేస్తే మంచంలా ఉంటుందట. నేను ఎక్కలేదు కదా, నాకేం తెలుసు."

"మనిషి పడుకుని ఉండగా ఇంకో మనిషి నడపొచ్చా?"

రాగ్నా ఇన్ని వారాలు ఆ కారు పక్కన నడిచింది. సీట్ల గురించి, పట్టీల గురించి అంతా విన్నది. ఈ ప్రశ్న తనకెందుకు తట్టలేదో ఆమెకు అర్థం కాలేదు.

"నడపొచ్చమ్మా," అంది మెల్లగా. "కుడివైపు సగం వాలుతుంది. ఎడమవైపు కూర్చుని నడపొచ్చు."

"ఆ అబ్బాయి ఇంకా గేటు దగ్గరే ఉన్నాడా? లోపలికి పిలు."

సెల్మర్ టోపీ చేతిలో నలుపుకుంటూ వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. గూరో అతన్ని నఖశిఖపర్యంతం చూసింది.

"బాబూ, నన్ను పడుకోబెట్టి నది దాకా తీసుకెళ్ళగలవా?"

"మిసిసిపీ దగ్గరికాండీ?"

"నాకు తెలిసిన నది అదొక్కటే."

అప్పుడే పాలు పితికి లోపలికొచ్చిన హాల్వర్ ఆ మాట విన్నాడు. బకెట్ కింద పెట్టాడు.

"ఏంటిది? ఎవరు రమ్మన్నారు ఇతన్ని?"

"నేనే," అంది గూరో. "నది చూసొస్తాను."

"నీకు మతిపోయిందా? ఆ గుంతల రోడ్డు మీద? ఆ బండిలోనా? లోయంతా ఏమనుకుంటుంది?"

"అరవై ఎనిమిదేళ్ళదాన్ని ఎవడో ఎత్తుకుపోయాడని అనుకుంటుంది. అనుకోనీ. ఆరేళ్ళుగా నన్ను గురించి ఎవరూ ఏమీ అనుకోవట్లేదు, హాల్వర్. నాకు విసుగెత్తింది."

"దారిలో నొప్పొస్తే?"

"ఇక్కడుంటే రాదా?"

హాల్వర్ మెడ ఎర్రబడింది. భార్యను చూశాడు, కూతుర్ని చూశాడు, చివరికి సెల్మర్ మీద విరుచుకుపడ్డాడు. "నువ్వు బయటికి రా!"

రాగ్నా తగాదా అవుతుందని వెనకే పరిగెత్తింది. హాల్వర్ నేరుగా కారు దగ్గరికి వెళ్ళి తలుపు తెరిచాడు.

"వాల్చు."

సెల్మర్ పక్కనున్న పిడి తిప్పి సీటు వాల్చి, డిక్కీలోంచి పరుపు తీసి పరిచాడు. హాల్వర్ చేత్తో నొక్కి చూశాడు. మోచేత్తో నొక్కి చూశాడు. బురద బూట్లు బయటికి పెట్టి తనే వెల్లకిలా పడుకున్నాడు. పైకప్పు చూస్తూ కాసేపు అలాగే ఉన్నాడు. లేచి, ఇంట్లోకి పోయి నిండుగా ఉన్న పాల బకెట్ తెచ్చాడు. పాత గోనెపట్టా పరిచి, బకెట్‌ను పరుపు మధ్యలో నిలబెట్టి, ఆ నడుము పట్టీ తీసుకుని దానికి బిగించాడు.

"పచ్చిక మీదుగా కొట్టం దాకా పోనీ. అక్కణ్ణుంచి రాళ్ళదారి. పాలు ఒలికితే ఆ మాట మళ్ళీ ఎత్తొద్దు."

సెల్మర్ నుదుటి చెమట తుడుచుకుని బండి ఎక్కాడు. రాగ్నాతో నడిచినప్పుడు ఎలా నడిపాడో అలాగే నడిపాడు. బండి గుంతలో దిగినప్పుడల్లా రాగ్నా పళ్ళు బిగించింది. హాల్వర్ వెనక తలుపు పట్టుకుని, బకెట్ మీదినుంచి చూపు తిప్పకుండా పక్కనే నడిచాడు. కిటికీలోంచి గూరో అరిచింది, "వెనక్కొచ్చేటప్పుడు వెన్న తీసుకురండి!"

తిరిగొచ్చేసరికి గోనెపట్టా అంచున కాస్త తడి. అంతే.

హాల్వర్ ఆ తడిని బొటనవేలితో రాసి చూశాడు. "ఆదివారం," అన్నాడు. "ప్రార్థన అయ్యాక. నేనూ వస్తాను. సాయంత్రం పాలవేళకు ఇంటికొచ్చేయాలి."

ఆగస్టు మొదటి ఆదివారం గూరోను బొంతతో సహా ఎత్తి కారులో పడుకోబెట్టారు. తల వెనక సీటు వైపు, కాళ్ళు ముందుకు. సెల్మర్ సీటును ఒక అంచె పైకి లేపాడు, బయటికి కనబడేలా. పట్టీ బిగించబోతే ఆవిడే లాక్కుని కట్టుకుంది. వెనక మిగిలిన చోట తండ్రీ కూతుళ్ళు ఒకరినొకరు ఒరుసుకుని ఇరుక్కున్నారు. రాగ్నా మొదటిసారి ఆ కారెక్కింది అలా. ఒళ్ళో కేకు డబ్బా, పక్కన నాన్న మోచెయ్యి.

బండి గేటు దాటి ఎత్తు ఎక్కుతోంది. హాల్వర్ భార్య మొహాన్నే చూస్తున్నాడు. ప్రతి కుదుపుకూ ఆమె కంటే ముందు అతనే ఉలిక్కిపడుతున్నాడు.

"ఏంటా చూపు?" అంది గూరో. "నేను పాల బకెట్‌ని కాదు."

"నొప్పిగా ఉందా?"

"ఉంది. ఉండనీ. మాట్లాడించకు, చూడనివ్వు."

పడుకున్న మనిషికి పొలాలూ ఇళ్ళూ కనబడవు. చెట్ల కొసలు, తీగల మీద పిట్టలు, గాదెల శిఖరాలు మాత్రమే కనబడుతున్నాయి. అవే చూస్తూ దారంతా చెప్పుకుపోయింది. "ఇది మాపుల్. ఇక్కడ మాపుల్ ఉన్న సంగతే మరిచిపోయాను... ఆ గాదె కప్పు ఎవరో మార్చారే. ఎర్రగా బాగుంది." రాగ్నా ముందున్న సెల్మర్ మెడ వెనక భాగం చూస్తూ కూర్చుంది. చెమటతో కాలరు తడిసిపోయింది. గుంత వచ్చిన ప్రతిసారీ అతని భుజాలు పైకి లేస్తున్నాయి.

నది దగ్గర గుట్ట మీద, నీళ్ళు కనబడేచోట ఆపి, తలుపు బార్లా తెరిచారు. గూరో తల అటు తిప్పింది. కింద నది వెడల్పుగా, మెరుస్తూ, మధ్యలో లంకలతో సాగిపోతోంది. బొగ్గు నింపుకున్న పడవల వరుస ఒకటి ఎదురెక్కుతోంది. ఆవిడ అది వంపు తిరిగి మాయమయ్యేదాకా చూసింది.

"కిటికీలోంచి కనబడే దానికంటే పెద్దది ఏదైనా చూడాలనిపించింది," అంది చివరికి. "అంతే. ఇంకేం లేదు."

కేకు తిన్నారు, ఫ్లాస్కులో కాఫీ తాగారు. ఈగలు ముసురుతుంటే సెల్మర్ తలుపులు వేసి, అద్దాలు దించి, దోమతెరలు బిగించాడు. హాల్వర్ కళ్ళు మూతలు పడుతున్నాయి. తెల్లవారుజామున పాలు పితికి వచ్చిన మనిషి.

"ఆ రెండోవైపు కూడా వాలుతుందా?" అని గూరో అడిగింది.

"వాలుతుందండీ."

"అయితే వాల్చు. ముసలాడా, ఆ బూట్లు విప్పి పడుకో."

"ఇక్కడా? పట్టపగలా?"

"ఇక్కడ నిన్నెవరు చూస్తారు? పడుకో."

ఆయన గొణిగాడు. బూట్లు విప్పుతూ కూడా గొణిగాడు. రాగ్నా, సెల్మర్ నీళ్ళ వైపు బాట పట్టి దిగిపోయారు.

నది ఒడ్డు వెంట నడిచారు. మధ్యలో కారు లేకుండా పక్కపక్కన నడవడం ఇద్దరికీ కొత్త. సెల్మర్ రెండు రాళ్ళు ఏరి ఒకటి నీళ్ళలోకి విసిరాడు.

"అమ్మ ఆ మాట అడిగేదాకా నాకు తట్టలేదు," అంది రాగ్నా. "ఆరేళ్ళు పక్కనే ఉన్నాను. ఈ బండి గురించి రెండు నెలలుగా విన్నాను. నా గురించే ఆలోచించుకున్నాను."

"నాకూ తట్టలేదండీ. నేనూ మీ గురించే ఆలోచించాను."

చెప్పేశాక అతనికి తను ఏమన్నాడో తెలిసింది. మొహం ఎర్రబడిపోయింది. రాగ్నా అతని చేతిలోంచి ఇంకో రాయి తీసుకుని, విసరకుండా పట్టుకుని నిలబడింది.

అంతలో గుట్ట మీదినుంచి గట్టిగా తలుపు కొట్టిన చప్పుడు, ఆ వెంటనే అరుపు.

"లోపలున్నవాళ్ళు బయటికి రావాలి! పోలీసు!"

ఇద్దరూ పైకి పరిగెత్తారు. నాష్ పక్కన కౌంటీ షెరిఫ్ కార్యాలయం వాళ్ళ కారు ఆగి ఉంది. కుర్ర డెప్యూటీ ఒకడు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఆ గుట్ట వయసు జంటలకు పేరుమోసిన చోటట. తెరలు బిగించిన ఆ రకం కారు కనబడగానే ఇక ఆలోచించలేదు. తలుపు తెరుచుకుని హాల్వర్ మేజోళ్ళ కాళ్ళతో, భుజాల పట్టీలు జారిపోయి, తెల్లజుట్టు నిక్కబొడుచుకుని దిగాడు.

డెప్యూటీ ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా మొదలుపెట్టిన పని కదా.

"లోపల ఇంకెవరున్నారు?"

"నా భార్య."

"అందరూ అదే చెప్తారండీ." ఏళ్ళు మీదపడ్డ మనిషితో ఆ మాట అన్నందుకు అతనికే సిగ్గేసినట్టుంది, తల వంచి తెరలోంచి చూశాడు. "అమ్మా, ఈయన మిమ్మల్నేమైనా ఇబ్బంది పెడుతున్నారా?"

"పెళ్ళైన రోజు నుంచీ," అంది లోపలినుంచి గూరో. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు నాయనా?"

ముందు నవ్వింది రాగ్నా. ఆపుకుందామని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కుదరలేదు. సెల్మర్ ముక్కుతో నవ్వాడు. డెప్యూటీ టోపీ తీసేశాడు. చెవుల దాకా ఎర్రబడిపోయాడు. చివరికి కేకు ముక్క పెడితే తిని, గూరోకు వంగి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. హాల్వర్ మాత్రం నవ్వలేదు. బూట్ల తాళ్ళు కట్టుకుంటూ ఉండిపోయాడు.

కారు ఎక్కబోతూ రాగ్నా చూసింది. తల్లి తల పక్కనే, పరుపు మీద ఇంకో తల ఆనిన గుంట ఉంది.

ఇంటికి చేరేసరికి పాలవేళ దాటిపోయింది. ఆవులు గేటు దగ్గర అరుస్తున్నాయి. గూరోను మంచం మీదికి మార్చేటప్పుడు మూలిగింది. రాత్రికి జ్వరం వచ్చింది. ఆ తర్వాత మూడు రోజులు పక్కకు తిరగలేకపోయింది, గొంతులోకి గంజి కూడా పోలేదు. హాల్వర్ కొట్టంలోకీ ఇంట్లోకీ తిరిగాడు. రాగ్నా తల్లి నడుముకు వేడినీళ్ళ సీసా పెడుతూ తనను తాను తిట్టుకుంది. ఇక సెల్మర్ ఈ గడప తొక్కడని అనుకుంది.

గురువారం పొద్దున ఆమె వంటింట్లోకి వచ్చేసరికి మూలనుండే మడత మంచం లేదు. వెతుక్కుంటూ ముందు గదిలోకి వెళ్ళింది. అది తల్లి మంచానికి ఆనించి వేసి ఉంది. హాల్వర్ అప్పటికే పాలకు వెళ్ళిపోయాడు. గూరో మెలకువగా ఉంది, మొహం పీక్కుపోయి ఉంది.

"మంచం కదిలితే నొప్పి అని ఇన్నేళ్ళూ దూరంగా పడుకున్నాడు మీ నాన్న," అంది. "దారి కుదుపులే నన్నిలా చేశాయి, బండిలో ఆయన పక్కన పడుకోవడం కాదు. అప్పుడు తెలిసింది ఆయనకి. నాకు ముందే తెలుసు. చెప్పలేదు. తనంతట తను రావాలని పంతం పట్టాను. ఇద్దరం మొండివాళ్ళమే." తలదిండు సర్దించుకుంది. "ఆ గంజి ఇటు పట్రా. ఆ అబ్బాయి మళ్ళీ ఎప్పుడొస్తాడు?"

డెప్యూటీ నోరు ఊరుకోలేదు. తర్వాతి ఆదివారానికల్లా ఆ కథ గుట్టలన్నీ దాటుకుని లోయకు వచ్చింది. చర్చి అయ్యాక పెట్రా అందరి ముందూ హాల్వర్‌ను ఆపింది.

"నది ఒడ్డున మంచం బండిలో నిన్ను పోలీసులు పట్టుకున్నారటగా, హాల్వర్?"

చుట్టూ ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. హాల్వర్ టోపీ పెట్టుకుని సర్దుకున్నాడు.

"పట్టుకున్నారు," అన్నాడు. "పరుపు బాగుంది, పెట్రా. నువ్వూ ఒకసారి పడుకుని చూడు."

మగవాళ్ళు పగలబడి నవ్వారు. పెట్రా మొగుడు అందరికంటే గట్టిగా నవ్వాడు.

సెల్మర్ వచ్చేసరికి పొగాకు కోతలు మొదలయ్యాయి. ఆ సాయంత్రం కూడా రాగ్నా రోడ్డు పక్కన నడుస్తోంది, నాష్ పక్కన దొర్లుతోంది. ఎదురుగా కోసిన ఆకు నింపుకుని హాల్వర్ ట్రక్కు వచ్చింది. ఆగింది. చేతులకు పొగాకు జిగురు నల్లగా అంటుకుని ఉంది.

"ఏంటే, నడిచే వస్తానని మొక్కుకున్నావా? ఎక్కు! మీ అమ్మ కిటికీ దగ్గర గంట నుంచీ చూస్తోంది."

"నువ్వే కదా నాన్నా ఎక్కొద్దన్నావు?"

"అన్నాను. ఇప్పుడు ఎక్కమంటున్నాను. ఏమయ్యా, నువ్వు కాస్త తొందరగా పోనీ. కాఫీ చల్లారిపోతోంది."

రాగ్నా చుట్టూ తిరిగి వెళ్ళి ముందు సీట్లో నిటారుగా కూర్చుంది. ఆ పట్టీ చేతిలోకి తీసుకుని ఎలా బిగించాలో తెలియక అటూ ఇటూ తిప్పింది. సెల్మర్ చూపించాడు. ఇద్దరూ కలిసి బిగించారు.

ఆకు కొట్టానికెక్కి, పనులు తెమిలాక, అక్టోబరులో వాళ్ళ పెళ్ళయింది. గూరో చర్చి బెంచీ మీద కూర్చోలేదు కాబట్టి పాస్టర్ గారు పెద్ద తలుపులు రెండూ తీయించి, కారును మెట్ల దాకా తెప్పించారు. ఆవిడ పడుకునే చూసింది. పెళ్ళిలో ఆర్గన్ వాయించేవాళ్ళు ఎవరూ దొరకలేదు. పెళ్ళికూతురే వాయించింది, ముసుగు వెనక్కి వేసుకుని. పెళ్ళికొడుకు ఎడమ చెవి అటు తిప్పి నిలబడ్డాడు.

సెల్మర్ లోయలోనే ఉండిపోయాడు. శ్రుతి పని మీద వారానికి రెండు రోజులు తిరిగొస్తాడు. మిగతా రోజులు మామగారి దగ్గర తిట్లు తింటూ పాలు పితకడం నేర్చుకుంటున్నాడు. వసంతంలో అతను రాగ్నాకు కారు నడపడం నేర్పాడు. ఆమె మొదట్లో కంచె స్తంభాన్ని ఒకదాన్ని పడగొట్టింది. హాల్వర్ దాన్ని మళ్ళీ పాతుతూ, "పాల బకెట్ పెట్టి నేర్పాల్సింది," అని గొణిగాడు.

మంచు కరిగి దారులు గట్టిపడ్డాక ఒక మధ్యాహ్నం రాగ్నా ఒక్కతే తల్లిని తీసుకుని బయల్దేరింది. ఎత్తు ఎక్కి కూడలి దగ్గర బండి ఆపింది. ఎడమవైపు నది దారి, కుడివైపు ఎప్పుడూ వెళ్ళని ఊళ్ళు.

"ఎటు అమ్మా?"

గూరోకు నొప్పిగానే ఉంది. పెదవి కొరుక్కుని, కిటికీలోంచి పైకి చూసింది. తర్వాత చెయ్యెత్తి కుడివైపు చూపించింది. రాగ్నా బండి అటు తిప్పింది.